ముడి విప్పితే

జపాన్‌లో ఇప్పటి నగోయా నగరంలో ఉన్న అరిమత్సు ఊరు 1608లో తొకైదో రహదారి పక్కన ఏర్పడింది. సాగుకు అనువైన నేల లేక, అక్కడివాళ్లు నూలు చేతిగుడ్డలకు దారంతో ముడులు కట్టి, నీలిమందులో ముంచి, బాటసారులకు అమ్ముకుని బతికారు. అదే షిబోరి. ముడి బిగించిన చోట రంగు ఎక్కదు; విప్పితే ఆ తెలుపే పువ్వవుతుంది.

ఉద్యోగరీత్యా వెళ్లినప్పుడు అక్కడి దుకాణంలో షిబోరి ముక్కలు అతికి కుట్టిన బొంత చూశాను. ధర విని వెనక్కి తగ్గాను. వెంటనే మన హాస్టల్ గుర్తొచ్చింది. అమ్మ తన పాత చీరలు, నాన్న పంచెలు పేర్చి కుట్టిచ్చిన బొంతను, మీరు నవ్వుతారని ట్రంకుపెట్టెలోనే దాచి, చలికి ముడుచుకు పడుకున్నాను.

ఆ బొంత ఇప్పుడు లేదు. అమ్మా లేదు. మిత్రులారా, ఇన్నేళ్లకు ఆ సంగతి మీకు చెబుతున్నాను.