పులికాట్: డచ్చివారి కోట, తీర ప్రజల చరిత్ర

బంగాళాఖాతానికీ పులికాట్ సరస్సుకూ నడుమ ఉత్తర దక్షిణాలుగా సాగిన ఇసుక దీవి శ్రీహరికోట. ఈ సరస్సుకే తెలుగువారి వాడుకలో ప్రళయ కావేరి అని పేరు. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల నీరూ సముద్రపు ఉప్పునీరూ ఇందులో కలుస్తాయి. ఇటువంటి సరస్సులలో చిల్కా తరువాత మన దేశంలో ఇదే పెద్దది. దీని దక్షిణపు కొసన, నేటి తమిళనాడులో, పులికాట్ (పళవేర్కాడు) పట్టణం ఉంది. ఉత్తరాన దుర్గరాజపట్నం, నడుమ శ్రీహరికోట. ఐరోపా కంపెనీలు మన తీరంలో కోటలు కట్టుకున్న చరిత్ర చాలావరకు ఈ చిన్న భూభాగంలోనే మొదలయింది.

డచ్చివారికి పూర్వం

పులికాట్ విజయనగర సామ్రాజ్యపు ముఖ్యమైన రేవులలో ఒకటి. 16వ శతాబ్ది ఆరంభంలో పోర్చుగీసు రచయిత దువార్తె బార్బోసా ఈ పట్టణంలో హిందువులతోపాటు ముస్లిం వర్తకులు పెద్ద సంఖ్యలో ఉన్నారనీ, పెగూ నుంచి వచ్చే కెంపులకూ ఇక్కడి అద్దకపు బట్టలకూ ఇది పెద్ద అంగడి అనీ వ్రాశాడు. ఈ వర్తకులలో మరక్కాయర్లు ముఖ్యులు. ఆ పేరు పడవ అనే అర్థం గల తమిళ 'మరక్కలం' నుంచి వచ్చిందని కొందరు, అరబ్బీ 'మర్కబ్' నుంచి వచ్చిందని మరికొందరు అంటారు. ఏదైనా అది సముద్రానికి చెందిన పేరే. వీరి నౌకలు మలక్కా, సుమత్రాల దాకా వెళ్ళేవి. తమిళాన్ని అరబ్బీ లిపిలో వ్రాసే 'అర్వీ' వాఙ్మయం ఇటువంటి రేవు పట్టణాల ముస్లిముల మధ్యనే పెరిగింది. సముద్రం ఎవరి సొత్తూ కాదన్న పాత ఆచారాన్ని మొదట భంగపరచినవారు పోర్చుగీసువారు. తమ అనుమతి పత్రం లేని నౌకను వారు పట్టుకునేవారు. ఆ పత్రాల పద్ధతిని తరువాత డచ్చివారూ అనుసరించారు.

గెల్డ్రియా కోట

1610లో డచ్చివారు విజయనగర రాజు రెండవ వెంకటపతి రాయల అనుమతితో పులికాట్‌లో వర్తకశాల పెట్టారు. 1612లో శాంతోము పోర్చుగీసువారు దానిని ధ్వంసం చేశారు. 1613లో (హిజ్రీ 1022) గెల్డ్రియా కోట లేచింది. 1690లో రాజధాని నాగపట్నానికి మారేవరకు డచ్చివారి కోరమండల తీర పాలన ఇక్కడి నుంచే సాగింది. ఇక్కడ వారికి టంకశాల, తుపాకిమందు కార్ఖానా ఉండేవి.

ఇంగ్లీషువారు 1621 నుంచి 1623 వరకు ఈ పట్టణంలోనే డచ్చివారి పక్కన నిలదొక్కుకోవాలని చూసి విఫలులయ్యారు. 1626 ప్రాంతంలో దుర్గరాజపట్నంలో ఒక స్థావరం ఏర్పరచుకున్నారు. వారు దానిని ఆర్మగాన్ అన్నారు. అక్కడ సరకు చాలలేదు. 1639లో ఆ స్థావరపు అధికారి ఫ్రాన్సిస్ డే దామెర్ల నాయకుల నుంచి మద్రాసు స్థలాన్ని పొందాడు. అనగా మద్రాసు మహానగరానికి దారి ఈ సరస్సు ఒడ్డు నుంచే పోయింది.

బట్ట, బానిసత్వం

డచ్చివారిని ఇక్కడికి రప్పించింది బట్ట. మొలక్కా దీవులలో లవంగాలు, జాజికాయ కొనాలంటే అక్కడివారు వెండికన్న కోరమండల వస్త్రాన్నే ఎక్కువగా కోరేవారు. ఆ బట్టకు ఎరుపు నిచ్చినది ఈ ఇసుక నేలల్లో దొరికే చిరివేరు. మలయ అనే పేరుతో ప్రసిద్ధుడైన అస్త్రప్ప సెట్టి, అతని తమ్ముడు చిన్నన్న సెట్టి వంటి తెలుగు బలిజ వర్తకులు కంపెనీకీ నేతగాళ్ళకూ నడుమ నిలిచారు.

బట్టతోపాటు మనుషులూ సరకయ్యారు. కరువులలో, యుద్ధాలలో దిక్కులేనివారిని కొని బటావియాకు ఓడల్లో పంపడం 17వ శతాబ్దిలో ఈ తీరంలో పలుమార్లు జరిగింది. 1640లలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కర్ణాటక దండయాత్ర, 1646-47 కరువు ఈ దుస్థితిని పెంచాయి. రేవు సుల్తానుల ఏలుబడిలోకి వచ్చినా కోట డచ్చివారి చేతిలోనే ఉండిపోయింది. ఇక్కడ విజయనగర రాజులనూ గోల్కొండ సుల్తానులనూ వేరు చేసి చూడనక్కరలేదు. సుంకం ముడుతున్నంతవరకు ఉభయులూ కోటను సహించారు.

1632 నుంచి పదేళ్ళు ఇక్కడ మతబోధకుడుగా ఉన్న అబ్రహాం రోజర్, పద్మనాభుడనే బ్రాహ్మణుని సాయంతో హిందూ ధర్మాలను గురించి వ్రాసిన గ్రంథం 1651లో వెలువడింది. భర్తృహరి సుభాషితాలు ఐరోపా భాషలోకి వెళ్ళింది దాని ద్వారానే. తుపాకిమందు తయారైన ఊరిలోనే ఈ అనువాదమూ జరిగింది.

మిగిలినవి

1781లోను, మళ్ళీ 1795లోను ఇంగ్లీషువారు పులికాట్‌ను పట్టుకున్నారు. 1824 ఒప్పందం ప్రకారం 1825లో (హిజ్రీ 1240) అది శాశ్వతంగా వారి వశమయింది. కోట నేడు పొదలు కమ్మిన శిథిలం. ద్వారంపై అస్థిపంజరాలు చెక్కిన డచ్చి శ్మశానం మాత్రం పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది. మచిలీపట్నంలో వలందపాలెం అన్న పేరు వారి జ్ఞాపకంగా నిలిచింది.

శ్రీహరికోట అడవిలో చిరివేరు, తేనె సేకరించి బ్రతికిన యానాదులకు చెక్కిన సమాధులు లేవు. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎన్నుకున్నాక వారిలో అనేకులు తావు మారవలసివచ్చింది. ఓడలెక్కించబడినవారి పేర్లు కంపెనీ లెక్కలలో కేవలం సంఖ్యలు. కాని మలయా ముస్లిములు నేటికీ ధరించే గళ్ళ లుంగీ పేరు 'కైన్ పెలెకట్', అనగా పులికాట్ బట్ట. కోట కట్టినవారి అధికారం పోయింది, మగ్గంపై నేసినవారి ఊరి పేరు సముద్రాలకు ఆవల నిలిచింది.

ఈ తీర చరిత్ర ఇంతవరకు ఎక్కువగా హేగ్‌లోను, చెన్నైలోను ఉన్న కంపెనీ దస్తావేజుల నుంచే వ్రాయబడింది. మస్జిదుల శాసనాలు, అర్వీ వ్రాతప్రతులు, జాలరుల, యానాదుల నోటి మాటలు వాటి పక్కన చేర్చి చదివిననాడే అది ప్రజల చరిత్ర అవుతుంది. ఆ పని ఆలస్యమైన కొద్దీ ప్రతులు చెదలు పాలవుతాయి, చెప్పగలవారు కనుమరుగవుతారు.