రాడార్ మొరాయిస్తే ఏం జరుగుతుంది? విమాన నియంత్రణలో అసలు ప్రమాదం ఎక్కడ

'సాంకేతిక కారణాల వల్ల విమానం ఆలస్యం' అన్న ప్రకటన చెన్నై, బెంగళూరు, ముంబయి, భువనేశ్వర్ విమానాశ్రయాల నుంచి ప్రయాణించే మన పాఠకులకు కొత్త కాదు. ఆ సాంకేతిక కారణాల్లో ఒకటి రాడార్ వ్యవస్థలో లోపం. రాడార్ ఎలా పనిచేస్తుంది, అది దెబ్బతింటే కంట్రోలర్లు ఏం చేస్తారు, గతంలో ఎక్కడ పొరపాటు జరిగింది అన్నది ఇక్కడ క్లుప్తంగా వివరిస్తున్నాం.

రెండు రకాల రాడార్లు

ప్రైమరీ రాడార్ రేడియో తరంగాన్ని పంపుతుంది. అది విమానానికి తగిలి వెనక్కి వస్తే, ఎంత దూరంలో, ఏ దిశలో ఉందో తెలుస్తుంది. విమానం పేరు తెలియదు, ఎత్తూ తెలియదు. ఒక్కోసారి వాన మేఘాలు, కొండలు, పక్షుల గుంపులు కూడా తెర మీద కనిపించి కంట్రోలర్‌ను తికమక పెడతాయి.

సెకండరీ రాడార్ విమానాన్ని ప్రశ్న అడుగుతుంది. విమానంలోని ట్రాన్స్‌పాండర్ అనే పరికరం నాలుగంకెల కోడ్‌ను, ఎత్తును జవాబుగా పంపుతుంది. ట్రాన్స్‌పాండర్ పనిచేయకపోతే ఈ రాడార్‌కు ఆ విమానం కనిపించదు. అందుకే రెండింటినీ కలిపి వాడతారు.

లోపం ఎక్కడైనా రావచ్చు

తిరిగే యాంటెన్నా ఆగిపోవచ్చు, కరెంటు పోవచ్చు, కంప్యూటర్ స్తంభించవచ్చు. రాడార్ బాగానే ఉన్నా సమాచారం మోసుకొచ్చే లైన్ తెగిపోవచ్చు. 2025 ఏప్రిల్ 28న అమెరికాలోని నెవార్క్ విమానాశ్రయానికి వచ్చిపోయే విమానాలను చూసే ఫిలడెల్ఫియా కేంద్రంలో దాదాపు 90 సెకన్లు రాడార్ తెరలు, రేడియోలు రెండూ ఆగిపోయాయి. ఆ తర్వాత ఆ విమానాశ్రయంలో ఎన్నో విమానాలు ఆలస్యమయ్యాయి, రద్దయ్యాయి. ప్రమాదం మాత్రం జరగలేదు.

చర్ఖీ దాద్రీ, 1996

మన దేశంలో జరిగిన ఘోరం ఇది. 1996 నవంబర్ 12న ఢిల్లీ నుంచి బయలుదేరిన సౌదీ బోయింగ్ 747, ఢిల్లీలో దిగడానికి వస్తున్న కజకిస్తాన్ విమానం హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర గాలిలో ఢీకొన్నాయి. రెండింటిలోని 349 మందీ చనిపోయారు. సౌదీ విమానంలో ఉపాధి కోసం వెళ్తున్న భారతీయులు ఎందరో ఉన్నారు.

కజక్ విమానం 15,000 అడుగుల దగ్గర ఆగాలి, సౌదీ విమానం 14,000 అడుగుల దగ్గర ఉండాలి. జస్టిస్ ఆర్.సి. లహోటీ విచారణలో కజక్ విమానం తన ఎత్తు కంటే కిందికి దిగిందని తేలింది. అప్పటికి ఢిల్లీలో సెకండరీ రాడార్ వాడుకలోకి రాలేదు. కాబట్టి ఎత్తు విషయంలో కంట్రోలర్‌కు పైలట్ మాటే ఆధారం. వచ్చే విమానాలకూ వెళ్లే విమానాలకూ ఒకే దారి ఉండటం ముప్పును పెంచింది. ఆ తర్వాత మన దేశంలో విమానాలకు టీక్యాస్ అనే ఢీకొట్టుడు హెచ్చరిక పరికరాన్ని తప్పనిసరి చేశారు.

యూబర్లింగెన్, 2002

2002 జులై 1 రాత్రి జర్మనీలోని యూబర్లింగెన్ మీదుగా వెళ్తున్న రష్యన్ ప్రయాణికుల విమానం, ఒక సరుకు విమానం ఢీకొని 71 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది విహారయాత్రకు వెళ్తున్న బడిపిల్లలు. ఆ ఆకాశాన్ని చూస్తున్నది స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ కేంద్రం.

ఆ రాత్రి అక్కడ రాడార్ వ్యవస్థకు మరమ్మతులు నడుస్తున్నాయి. తెర వెలుగుతూనే ఉంది. కానీ విమానాలు దగ్గరవుతుంటే తెర మీద కనిపించాల్సిన హెచ్చరిక పనిచేయడం లేదు. ప్రధాన ఫోన్ లైన్లు ఆపేశారు, ప్రత్యామ్నాయ లైన్ చెడిపోయి ఉంది. సహోద్యోగి విశ్రాంతికి వెళ్లడంతో ఒక్క కంట్రోలరే రెండు బల్లల పని చూస్తున్నాడు. ఏ సదుపాయాలు పనిచేయడం లేదో అతనికి పూర్తిగా తెలియదు. జర్మనీలోని కార్ల్స్‌రూహె కేంద్రంవారు ప్రమాదాన్ని గుర్తించి ఫోన్ చేసినా కలవలేదు.

చివరి నిమిషంలో అతను రష్యన్ విమానాన్ని దిగమన్నాడు. అందులోని టీక్యాస్ పైకి వెళ్లమంది. సరుకు విమానానికి దాని టీక్యాస్ దిగమంది. రెండూ దిగాయి. ఆ తర్వాత అంతర్జాతీయ నియమాలను స్పష్టం చేశారు: టీక్యాస్ ఒకటి, కంట్రోలర్ ఇంకొకటి చెబితే పైలట్ టీక్యాస్ మాటే వినాలి.

రాడార్ లేకుండా నడిపే పద్ధతి

రాడార్ లేకపోయినా విమానాలను క్షేమంగా నడపవచ్చు. బంగాళాఖాతం మీద తీరానికి దూరంగా రాడార్ అందదు. అక్కడ చెన్నై, కోల్‌కతా కేంద్రాలు పైలట్లు తెలిపే స్థానం, ఎత్తు, సమయాన్ని బట్టి, ఉపగ్రహాల ద్వారా అందే సమాచారాన్ని బట్టి విమానాలను నడుపుతాయి. రాడార్ ఉన్నచోట సాధారణంగా 5 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 9 కిలోమీటర్ల దూరం సరిపోతే, ఈ పద్ధతిలో అంతకు ఎన్నో రెట్లు ఎడం పాటిస్తారు. భూమి మీద రాడార్ దెబ్బతిన్నా ఇదే దారి. ఎడం పెరిగితే విమానాల సంఖ్య తగ్గించాలి, కొన్నింటిని నేల మీదే ఆపాలి.

ఆలస్యానికి అసలు కారణం అదే. పరికరాన్ని నమ్మలేమని కంట్రోలర్‌కు తెలిస్తే మనం గంటో రెండు గంటలో వేచి ఉంటాం. యూబర్లింగెన్‌లో కంట్రోలర్‌కు ఆ సంగతి పూర్తిగా తెలియలేదు, విమానాలను ఎవరూ తగ్గించలేదు. అందుకే రాడార్ మరమ్మతు ఎంత ముఖ్యమో, ఏం పనిచేయడం లేదో డ్యూటీలో ఉన్నవారికి ముందుగా చెప్పడం, వారికి తోడు మనిషిని ఉంచడం కూడా అంతే ముఖ్యం.