జూనియర్ న్యాయవాదులకు తొలి మూడేళ్ల ఆసరా

న్యాయశాస్త్ర పట్టభద్రులకు వృత్తిలో తొలి మూడు సంవత్సరాలు అత్యంత క్లిష్టమైనవి. సీనియరు వద్ద పని నేర్చుకునే ఈ కాలంలో రాబడి స్వల్పం. విజయవాడలో గది అద్దె, పుస్తకాలు, ప్రయాణపు ఖర్చులు మాత్రం తప్పవు. కృష్ణా డెల్టాలోని కౌలు రైతు, వ్యవసాయ కూలీ కుటుంబాల బిడ్డలు ఈ దశలోనే వృత్తిని విడిచి వేరే ఉద్యోగాలు వెదుక్కోవలసి వస్తున్నది.

ఈ నేపథ్యంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబర్ 3న, న్యాయవాదుల దినోత్సవం నాడు, 'వైఎస్ఆర్ లా నేస్తం' పథకాన్ని ప్రారంభించింది. అర్హులైన జూనియర్ న్యాయవాదులకు మూడేళ్లపాటు నెలకు రూ.5,000 భృతి ఇవ్వడం ఈ పథకం ఉద్దేశంగా ఉండేది. 2023లో ఈ మొత్తాన్ని ఏడాదికి రెండు విడతలుగా చెల్లించే విధానం అమలులోకి వచ్చింది. ఆ ఏడాది డిసెంబర్‌లో 2,807 మందికి దాదాపు రూ.8 కోట్లు జమ అయ్యాయి.

నమోదు రుసుముల విషయంలోనూ ఊరట లభించింది. బార్ కౌన్సిళ్లు చట్టంలో నిర్ణయించిన దానికి మించి వసూలు చేయరాదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దీని ప్రకారం సాధారణ అభ్యర్థులకు రూ.750, ఎస్సీ, ఎస్టీలకు రూ.125 మాత్రమే. అదే ఏడాది అక్టోబర్‌లో, పట్టణాల్లో నెలకు రూ.20,000, గ్రామీణ ప్రాంతాల్లో రూ.15,000 చొప్పున జూనియర్లకు కనీస భృతి చెల్లించాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సిఫార్సు చేసింది. అయితే ఇది సిఫార్సు మాత్రమే గాని, తప్పనిసరి కాదు.

ఈ ఆసరా ఫలితం యువ న్యాయవాదులకే పరిమితం కాదు. న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, బాలలు, ఎస్సీ, ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు తదితరులు ఉచిత న్యాయసహాయానికి అర్హులు. ఆ సహాయం అందించవలసినవారు న్యాయవాదులే. మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా జిల్లా న్యాయసేవాధికార సంస్థ పనిచేస్తున్నది. పేద నిందితుల తరఫున పూర్తికాలం వాదించేందుకు జాతీయ సంస్థ 2022లో రూపొందించిన డిఫెన్స్ కౌన్సిల్ విధానంలో, మూడేళ్ల లోపు అనుభవం గలవారికీ సహాయ న్యాయవాదులుగా నెలవారీ గౌరవ వేతనంపై అవకాశం ఉన్నది.

కోర్టు గుమ్మంలో పేదవాని పక్షాన నిలబడే న్యాయవాది తొలి మూడేళ్లు నిలదొక్కుకున్నప్పుడే ఉచిత న్యాయసహాయం అనే హక్కు ఆచరణలోకి వస్తుంది. ఉచిత న్యాయసహాయం కోరేవారు 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.