వడ్లు కొనే ఆడవాళ్ళు, పాస్‌బుక్ లేని ఆడవాళ్ళు



గైబీ నగర్‌లో సాంచెల మీద బతుకుతున్న మనలో చాలామందికి ఊళ్ళో ఎకరమో, రెండెకరాలో ఉంది. నల్లగొండ, కరీంనగర్, వరంగల్, మహబూబ్‌నగర్ నుంచి మగవాళ్ళు భీవండి వచ్చేశారు, పొలం ఆడవాళ్ళ మీద పడింది. నాట్లు, కలుపు ఎప్పుడూ వాళ్ళవే. వడ్లు అమ్మి డబ్బు తేవడం మాత్రం మగవాళ్ళ పనిగా ఉండేది. ఆ వ్యాపారం ఆడవాళ్ళ చేతికి ఎట్లా వచ్చిందో ఈసారి రాస్తున్నాం.

ఇది వడ్లతో మొదలు కాలేదు, సారాతో మొదలైంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడు రాష్ట్రమంతా తెలిసింది. ఆ పోరాటం చల్లారక ముందే నెల్లూరులో రోజుకు ఒక రూపాయి దాచే పొదుపు సంఘాలు పెరిగాయి. 2000లో పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) వచ్చింది, సంఘాలన్నీ గ్రామ సమాఖ్యలు, మండల సమాఖ్యలు అయ్యాయి. మొదట వెలుగు అన్నారు, తర్వాత ఇందిరా క్రాంతి పథం, మన నోట ఐకేపీ. రూపాయి దాచిన చేతులకు లెక్క రాయడం, బ్యాంకు మేనేజరుతో మాట్లాడడం వచ్చేసింది. వడ్ల కొనుగోలు కేంద్రాలను ఈ సమాఖ్యలకు ఇవ్వడానికి కారణం అదే.

కేంద్రం నడపడం తేలిక పని కాదు. కల్లంలో పోసిన వడ్లకు తేమ కొలవాలి, 17 శాతం దాటితే ఇంకా ఆరబెట్టమని చెప్పాలి. అట్లా చెప్పేది ఎవరికి? సొంత బావకు, మరిదికి, ఊరి పెద్ద రైతుకు. తాలు, మట్టి ఉంటే తూర్పారపట్టే యంత్రం పెట్టించాలి. గోనె సంచులు, టార్పాలిన్లు లెక్క చూడాలి, టోకెన్ వరస తప్పకుండా కాంటా వేయించాలి, హమాలీలను ఒప్పించాలి, లారీ రాకపోతే ఫోన్ల మీద ఫోన్లు చేయాలి. మిల్లుకు పోయాక తరుగు పేరుతో కోత పెడితే రైతు వచ్చి నిలదీసేది కేంద్రంలో కూర్చున్న ఆడమనిషినే. ఈలోగా వాన వస్తే ఇక చెప్పక్కర్లేదు. ఇంత చేసినందుకు క్వింటాలుకు ఇంతని కమీషన్ సమాఖ్య ఖాతాలో పడుతుంది. గూడ్స్ షెడ్డులో తూకం తగాదాలు ఏళ్ళ తరబడి చూసినవాళ్ళం కాబట్టి అంటున్నాం, ఈ పని చేయగలిగినవాళ్ళు ఏ వ్యాపారమైనా చేస్తారు.

మేము చదివింది తమిళ మీడియం, అందుకే తంజావూరు వైపు పద్ధతితో పోల్చబుద్ధి అవుతుంది. అక్కడ 1972లో పెట్టిన పౌర సరఫరాల కార్పొరేషన్ నేరుగా కేంద్రాలు తెరిచి వడ్లు కొంటుంది, కాంటా దగ్గర సర్కారు మనుషులే. ఇక్కడ ఊరి ఆడవాళ్ళు. కేంద్రాలన్నీ వాళ్ళవే కావు, సహకార సంఘాలవీ చాలా ఉన్నాయి. అయినా తేడా చిన్నది కాదు.

తెలంగాణ వచ్చిన 2014-15లో ప్రభుత్వం కొన్న వడ్లు 24 లక్షల టన్నుల చుట్టూ ఉంటే, 2020-21లో 141 లక్షల టన్నులు. ఆ బరువులో కొంత భాగం సమాఖ్యల కాంటాల మీదుగా పోయింది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్‌కు ఇక్కడ సాంచెలు ఆగిపోయి మనం గదుల్లో కూర్చుంటే, అక్కడ ముఖానికి కొంగు కట్టుకుని వాళ్ళు వడ్లు కొంటూనే ఉన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. కేంద్రంలో వడ్లు పోయాలంటే పట్టాదారు పాస్‌బుక్ చూపాలి. డబ్బు పాస్‌బుక్‌లో పేరున్న మనిషి ఖాతాలోకి పోతుంది. 2018లో రైతుబంధు పంటకు ఎకరానికి 4 వేలతో మొదలైంది, అదీ పట్టాదారుకే. అదే ఏడు వచ్చిన 5 లక్షల రైతు బీమా కూడా పట్టాదారుకే. పొలం చేసేది భార్య, పట్టా భీవండిలో ఉన్న భర్త పేరు మీద. ఆయన పోతే ఆమెకు నామినీగా బీమా వస్తుంది. ఆమె పోతే ఇంటికి ఏమీ రాదు, ఎందుకంటే కాగితం మీద ఆమె రైతు కాదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో ఆడవాళ్ళ చేతిలోని కమతాలు నూటికి 14 మాత్రమే. ఊరందరి వడ్లు తూచే మనిషి తన వడ్లు అమ్మడానికి మొగుడి పాస్‌బుక్ పట్టుకుని వరసలో నిలబడుతోంది.

చట్టం లేదనడానికి లేదు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచే ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఉంది. తమిళనాడులో 1989, మన మహారాష్ట్రలో 1994, దేశమంతటికీ 2005. పసుపు కుంకుమ కింద ఇంత ఇచ్చాం కదా అని మనమే సంతకాలు పెట్టించుకుంటున్నాం. కట్నం భూమికి బదులు కాదని మా అభిప్రాయం, కోపం వచ్చినవాళ్ళు రాయండి.

దసరాకు ఊరికి పోయేవాళ్ళు పాస్‌బుక్ మొదటి పేజీ ఒకసారి తెరిచి చూడండి. భార్య పేరు మీదకో, అక్కచెల్లెళ్ళ పేరు మీదకో కొంత మార్చాలనుకుంటే గిఫ్ట్ డీడ్ రాయించవచ్చు. తెలంగాణలో సాగుభూమికి ఆ రిజిస్ట్రేషన్ ఇప్పుడు తహసీల్దార్ ఆఫీసులోనే అవుతుంది, స్లాట్ ముందుగా బుక్ చేసుకోవాలి. సెలవు నాలుగు రోజులే ఉంటుంది కాబట్టి, ఆ స్లాట్ ఇక్కడి నుంచి బయల్దేరే ముందే చూసుకోండి.