నోట్టుస్వరాలు: ఒక వరుస ప్రయాణం

ఉత్తరాండమానులో డిగ్లీపూరు వైపు తూర్పుతీరాన లోతైన రేవు ఒకటి ఉన్నది. పటాలలో దానిపేరు పోర్ట్ కార్న్‌వాలిస్. నిజానికి ఆ పేరు మొదట దానిది కాదు. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ దక్షిణాన చాథం దీవిలో ఈస్టిండియా కంపెనీ వలసను నెలకొల్పి ఆ తావుకు పెట్టిన పేరది. 1792లో వలసను ఉత్తరానికి మార్చగా, పేరు కూడ వలసవెంటనే వచ్చినది. రోగాలకు జనం తాళలేక 1796లో కంపెనీ ఆ చోటును విడిచిపెట్టినది. మరి ఇరవై ఎనిమిదేండ్లకు, 1824లో, రంగూనుపై దండెత్తబోయే నౌకలు కలుసుకొన్నది ఈ రేవులోనే. దండనాయకుడు సర్ ఆర్చిబాల్డ్ కాంబెల్ స్కాట్లండులోని పెర్తుషైరువాడు. దండులో పెద్దభాగం మద్రాసు సైన్యం. ఆ సైన్యంలో ఉత్తర సర్కారుల తెలుగు సిపాయిలు తక్కువవారు కారు.

నేను డిగ్లీపూరు వెళ్లినది ఈ చరిత్రకోసం కాదు, వేరొక పనిమీద. దేశవిభజన తరువాత తూర్పు బెంగాలునుండి వచ్చిన కాందిశీకులు అడవి కొట్టి మళ్లు చేసికొన్న నేల అది. వీథిలో వినబడే మాట బంగాళీ. అక్కడ ఒక తెలుగువారి ఇంట అతిథిగా ఉన్నాను. సాయంకాలం ఆ ఇంటి బాలిక, పండ్రెండేండ్లది కాబోలు, వయొలిన్ తీసి పాఠం వాయించ నారంభించినది. శంకరాభరణం, గమకం లేదు, చురుకైన నడక. నాలుగు ఆవృత్తాలు వినగానే, "ఇది నోట్టు కదమ్మా" అన్నాను. "అవునండీ, జగదీశ గురుగుహ" అన్నది. ఆ పేరు విని కొంత నివ్వెరపోయినాను. ఈ వరుస స్కాట్లండులో 'లార్డ్ మాక్డొనాల్డ్స్ రీల్' అనే నృత్యపు వరుస అని పరిశోధకులు గుర్తించినారు. ఉత్తర అట్లాంటికు తీరపు వరుస, తమిళదేశపు వాగ్గేయకారుని సంస్కృత సాహిత్యంతో, బంగాళాఖాతపు దీవిలో, తెలుగుపిల్ల వ్రేళ్లలో! ఇది ఎట్లు జరిగినదో చెప్పడానికే ఈ వ్యాసం.

పద్దెనిమిదవ శతాబ్ది చివరిపాదంలో చోళమండల తీరాన స్కాట్లండు వాద్యం వినబడుతూనే ఉన్నది. 1781లో పరంగిపేట వద్ద హైదరుతో జరిగిన యుద్ధంలో హైలాండరుల వాద్యకాడొకడు గుండ్ల నడుమ బెదరక వాయించినాడనీ, సేనాని ఐర్ కూట్ మెచ్చి వెండివాద్యం చేయించుకొనుటకు ఏబది పౌనులు బహూకరించినాడనీ ఆ పటాలపు చరిత్రలో ఉన్నది. ఆ వాద్యం మనకు పూర్తిగా పరాయిదీ కాదు. మన వీథిభాగవతుల తిత్తి దానికి చుట్టమే. మేకతోలు, లోపల గాలి, రెల్లు పీక; రెండింటా అదే ఏర్పాటు. మన తిత్తి శ్రుతి మాత్రం పట్టి ఊరుకుంటుంది. వారిది శ్రుతి పట్టుతూనే పాటకూడ పలుకుతుంది. వారి తిత్తి పలికే స్థాయిలో నిషాదం తగ్గి ఉంటుంది గనుక మన చెవికది శంకరాభరణం కాక హరికాంభోజికి దగ్గరగా తోస్తుంది. వారి జానపద వరుసలలో అనేకం అయిదు స్వరాలతోనే నడుస్తాయి. మోహనం తెలిసినవానికి అవి కొత్తగా ఉండవు.

మద్రాసు కోటలో బ్యాండుమేళం వాయించినవి ఇంగ్లీషు, ఐరిషు, స్కాట్లండు వరుసలు కలగాపులగంగా. కోటకు అనతిదూరాన మణలిలో చిన్నయ్య మొదలియారు ఆశ్రయంలో రామస్వామి దీక్షితుల కుటుంబం ఉండేది. ఆయన కుమారుడు బాలస్వామికి ఒక దొరవద్ద మూడేండ్లు వయొలిన్ చెప్పించినది ఆ మొదలియారే అని సుబ్బరామ దీక్షితులు వ్రాసినారు. మన సంగీతంలో వయొలిన్ కుదురుకొన్న కథకు ఇది మొదలు. ఆ ఇంటి పెద్దకొడుకు ముత్తుస్వామి. బ్యాండు వరుసలు ఆయన చెవిని పడినవి; వాటికి సంస్కృతంలో మాటలు కూర్చినాడు. సంతతం పాహిమాం అన్నది బ్రిటిషు రాజగీతపు వరుసకు అమర్చినది. చక్రవర్తి క్షేమం కోరే వరుసలో అమ్మవారి రక్షణ కోరినాడు! అందులో ఎగతాళి ఉన్నదని నేననను. దీక్షితుల కంటికి వరుస వరుసే, దానికి యజమాని లేడు.

ఆ పిమ్మటి కథ తెలుగువారిది. వేమనను 1829లో అచ్చువేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను సేకరించిన ప్రతులలో ఐరోపా వరుసలకు దీక్షితులు కట్టిన సాహిత్యాల సంపుటి ఒకటి ఉన్నది. అది 1830ల నాటిది. దీక్షితులు పరమపదించినది 1835లో. అంటే కవి సజీవుడై ఉన్న కాలపు సాక్ష్యమన్నమాట. మన నిఘంటుకర్త వేలు పెట్టని చోటు లేదు! తరువాత సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగు లిపిలో అచ్చువేయించినారు. మరుసటి సంవత్సరపు ప్రథమాభ్యాస పుస్తకం కూడ తెలుగే. నోట్టుస్వరాలు స్వరసహితంగా అందులో ఉన్నవి. పిల్లల పాఠ్యపుస్తకంలో చేరినవి గనుకనే అవి బ్రతికినవి. సభలో విద్వాంసుడు వాటిని ఎన్నుకొనడం అరుదు. సంగీతపు బడిలో ఉపాధ్యాయుడు మాత్రం వదలడు. గమకంలేని స్వరం మీద కమాను నిలబెట్టడానికి అంతకన్న మంచి అభ్యాసం లేదు.

దీక్షితులు చేసిన పనినే ఆ కాలంలోనే స్కాట్లండులో రాబర్ట్ బర్న్సు చేస్తున్నాడు. ఎడింబరోలో జేమ్స్ జాన్సన్ 1787 మొదలు 1803 దాక ఆరు సంపుటాలలో ఆరువందల పాటలు అచ్చువేసినాడు. అందులో మూడవవంతు దాక బర్న్సు చేయి పడినవే. అతడు పల్లెలలో మాటలు చెదిరిపోయిన వరుసలు ఏరి, వాటికి కొత్తమాటలు తొడిగినాడు. లేదా పాతమాటలకు అతుకు వేసినాడు. వరుస ముందు, మాట తరువాత. అనువాదం వృత్తిగా గడిపిన నాకు ఈ సంగతి కొంత అసూయ కలిగిస్తుంది. బర్న్సును తెలుగు చేయబోయి నేను పడిన పాట్లు నాకు తెలుసు. వరుస సముద్రం దాటడానికి ఒక ఫ్లూటు చాలు. మాట దాటాలంటే రెండవ గట్టున మరల పుట్టాలి.

తన పాటలను తాను కాపాడుకొనడంలో స్కాట్లండు మొదట ఏమీ తొందరపడలేదు. 1746లో కల్లోడెన్ వద్ద హైలాండు తెగలు ఓడిన తరువాత తిత్తిని శాసనంతో నిషేధించినారని చాలమంది వ్రాస్తారు. ఆ యేటి శాసనంలో ఆయుధాల మాట, వేషం మాట ఉన్నవి గాని వాద్యం పేరు లేదు. పాటకు అసలు దెబ్బ ఆ తరువాత తగిలినది: గొర్రెల మేతకోసం భూస్వాములు రైతులను ఊళ్లనుండి వెళ్లగొట్టడం, 1872 విద్యాశాసనంలో గేలిక్ భాషకు చోటే లేకపోవడం. మన స్థానిక చరిత్రలను కావలి బొర్రయ్య సోదరుల సాయంతో ఊరూర పోగుచేయించిన కాలిన్ మెకంజీ ఆ గేలిక్ దీవులలోని స్టోర్నొవేలో పుట్టినవాడు. మా ఊళ్ల కైఫీయతులు వ్రాయించిన చేతికి తన ఊరి పడవపాటలు వ్రాయించే అవకాశం లేకపోయినది.

ఆ లోపం పూరించడానికి ఒక శతాబ్దికి పైగా పట్టినది. 1891లో ఓబన్‌లో గేలిక్ సంఘం ఏర్పడినది. మరుసటి యేడు పాటల పోటీలు మొదలైనవి. 1951లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో స్కాటిష్ అధ్యయన శాఖ వెలసి, కేలమ్ మక్లీన్ దీవులు తిరిగి ముసలివారి గొంతులను యంత్రంలో పట్టినాడు. ఆ యేడే హామిష్ హెండర్సన్ ఎడింబరోలో ఒక గానసభ జరిపినాడు. వేదికమీద బారా దీవి గాయని ఫ్లోరా మక్నీల్ వంటివారు, సభికులు నగరవాసులు. తమ దేశపు పాటను చాలమంది మొదటిసారి విన్నది ఆ రాత్రే. ఆ బారాలోనే 1981లో ఊరివారు పిల్లలకు గేలిక్ పాట, తిత్తి, ఫిడేలు, నృత్యం నేర్పే బడిపండుగ పెట్టినారు. 'ఫేష్' అని దానికి పేరు. పగలు పాఠం, సాయంకాలం సభ. జనసంఖ్య వేయి పైచిలుకు మాత్రమే అయిన దీవి అది. అక్కడ మొదలైనది తక్కిన గేలిక్ ఊళ్లకు ప్రాకినది. పోటీలవల్ల గాని యంత్రంవల్ల గాని కానిది దీనివల్ల అయినదని నా అభిప్రాయం. బిరుదు కోసం నేర్చిన పాట బిరుదుతో పాటే గూటికెక్కుతుంది.

మనకూ బడులున్నవి, లేకపోలేదు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు; ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ ఆచార్యులు. మొదలియారు మణలిలో చెప్పించిన పాఠం అప్పటికి వందేండ్లు దాటి పూర్తిగా మనదైనది. బిరుదురాజు రామరాజుగారి వంటివారు జానపద గేయాలను సేకరించి విశ్వవిద్యాలయంలో చోటు కల్పించినారు. ఆ పాటలు పుస్తకంలోకి ఎక్కినవి. బడిలోకి మాత్రం ఎక్కలేదు.

డిగ్లీపూరు ఇంట ఆ బాలిక నాయనమ్మ గోడవార కూర్చుండి వింటున్నది. శ్రీకాకుళం తీరంనుండి పెండ్లయిన కొత్తలో దీవికి వచ్చినదట. మీ పాటలేవీ మనుమరాలికి నేర్పలేదా అని అడిగినాను.

"అవేటి పాటలు బాబూ! వలలు లాగినప్పుడు పాడుకున్నవి. ఇస్కూల్లో సెప్పేవి కావు గదా" అన్నది.

బ్రతిమాలగా ఒకటి పాడినది. రెండే చరణాలు, ఊపిరి లాగినచోట విరుపు, వల బరువుకు సాగే కాలం. బాలిక వయొలిన్‌మీద దాన్ని అందుకోబోయినది. గాంధారం కుదరలేదు, అది నోట్టులోని గాంధారం వలె ఒకచోట నిలిచేది కాదు. కమాను దింపి, "ఇంకోసారి పాడవే నాయనమ్మా, మెల్లగా" అన్నది.