ఉన్న ఫీచర్ తీసేస్తే ఓనర్లు ఏం చేశారు? కానన్ జీ సిరీస్ కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక కెమెరా ఫ్యామిలీ చరిత్ర చెప్పుకుందాం. పేరు కానన్ పవర్‌షాట్ జీ సిరీస్. కొనమని చెప్పే వీడియో కాదండోయ్, ఇందులో వచ్చే మోడల్స్ చాలావరకు ఇప్పుడు కొత్తవి షాపుల్లో దొరకవు. మరి ఎందుకు చెప్పుకోవాలి? 2006 నుంచి 2009 దాకా ఈ కెమెరాలు కొన్నవాళ్లకీ, తయారుచేసిన కంపెనీకీ మధ్య ఒక పెద్ద లాగులాట నడిచింది. డబ్బులు పెట్టి కొన్న వస్తువు ఏ పని చేయాలి, ఏ పని చేయకూడదు అనేది ఎవరు డిసైడ్ చేస్తారు? గొడవంతా దాని గురించే. మీ చేతిలో ఉన్న ఫోన్‌కి కూడా ఇదే ప్రశ్న ఉంది. అది చివర్లో చూద్దాం.

ముందు బ్యాక్‌గ్రౌండ్. 2000 సంవత్సరం నాటికి డిజిటల్ కెమెరాలు రెండు రకాలు. ఒకటి, బటన్ నొక్కితే ఫొటో వచ్చే చిన్న డబ్బాలు. రెండోది, లెన్స్ మార్చుకునే పెద్ద ఎస్ఎల్ఆర్ కెమెరాలు. ఈ రెండోవి మామూలు ఉద్యోగి కొనగలిగే ధరలో లేవు. ఈ రెండిటి మధ్య ఖాళీలోకి వచ్చిందే "అడ్వాన్స్‌డ్ కాంపాక్ట్". సైజు చిన్నది, లెన్స్ ఫిక్స్‌డ్, కానీ షట్టర్ స్పీడు, అపర్చర్, ఫోకస్ అన్నీ మన చేతిలో ఉంటాయి.

కానన్ జీ1 2000 సెప్టెంబరులో వచ్చింది. 3.3 మెగాపిక్సెల్స్. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ మిగతా స్పెక్స్ వినండి. ఎఫ్2 లెన్స్, అంటే బాగా వెలుతురు లోపలికి రానిచ్చే లెన్స్. పక్కకి తెరుచుకుని తిరిగే స్క్రీన్. పైన బయటి ఫ్లాష్ పెట్టుకునే హాట్ షూ. వీటితో పాటు రా ఫైల్. తర్వాత జీ2, జీ3, జీ5, 2004లో జీ6 వచ్చాయి. జీ4 అనేది లేదు. జీ6 దాకా బ్యాటరీ కూడా కానన్ పెద్ద కెమెరాల్లో వాడే బీపీ-511 రకమే. కాబట్టి బ్యాగులో పెద్ద కెమెరా, జేబులో జీ సిరీస్ పెట్టుకునేవాళ్లకి ఒకే బ్యాటరీ, ఒకే ఛార్జర్ సరిపోయేవి.

ఇలాంటి చిన్న కెమెరాతో సీరియస్ పని అవుతుందా అని అప్పుడే చాలామందికి డౌట్. దానికి జవాబు వేరే కంపెనీ కెమెరా నుంచి వచ్చింది. మ్యాగ్నమ్ ఏజెన్సీ ఫొటోగ్రాఫర్ అలెక్స్ మయోలీ కాంగో, ఇరాక్ లాంటి చోట్ల ఒలింపస్ సీ-5050 అనే 5 మెగాపిక్సెల్ కాంపాక్ట్‌తో పనిచేశాడు. అందులో వేసేది టార్చ్‌లైట్‌లో వేసుకునే మామూలు ఏఏ సెల్స్ నాలుగు. పెద్ద కెమెరా ఎత్తితే జనం బిగుసుకుపోతారు. చిన్నది అయితే టూరిస్టు అనుకుని వదిలేస్తారు, పైగా సౌండ్ రాదు. మన దగ్గర కూడా అంతే కదా, పెళ్లిలో పెద్ద కెమెరా కనపడగానే అందరూ సర్దుకుని నిలబడతారు, ఫోన్‌తో తీస్తే మామూలుగానే ఉంటారు.

సరే, ఇప్పుడు అసలు కథ.

2006 సెప్టెంబరులో జీ7 వచ్చింది. చూడ్డానికి అందంగా ఉంది. నల్లటి మెటల్ బాడీ, పైన ఐఎస్ఓకి విడిగా ఒక డయల్, 10 మెగాపిక్సెల్స్, 6 రెట్ల జూమ్, చెయ్యి వణికినా సర్దే స్టెబిలైజేషన్. కానీ ఓనర్లు లిస్టు చూసి షాక్ అయ్యారు. తిరిగే స్క్రీన్ లేదు. ఎఫ్2 లెన్స్ పోయి ఎఫ్2.8 వచ్చింది, అంటే లోపలికి వచ్చే వెలుతురు సగానికి పడిపోయింది. పాత బ్యాటరీ పట్టదు. అన్నిటికంటే మంట పుట్టించింది ఏంటంటే, రా ఫైల్ తీసేశారు.

రా అంటే ఏంటో తెలియనివాళ్లకి ఒక్క నిమిషం. జేపెగ్ అంటే వండేసిన అన్నం. కెమెరానే రంగులు, షార్ప్‌నెస్ అన్నీ నిర్ణయించి, ఫైల్‌ని నొక్కి చిన్నది చేసి ఇస్తుంది. రా అంటే బియ్యం. సెన్సర్ చూసింది చూసినట్టు ఇస్తుంది, పులిహోర చేసుకుంటారో పరమాన్నం చేసుకుంటారో మీ ఇష్టం. అన్నాన్ని మళ్లీ బియ్యం చేయలేం కదా! లెక్కల్లో చెప్పాలంటే, జేపెగ్‌లో ఒక్కో రంగుకి 8 బిట్లు, అంటే 256 మెట్లు. రా 10 బిట్లైతే 1,024 మెట్లు, 12 బిట్లైతే 4,096. ఆకాశం తెల్లగా పేలిపోయినా, మొహం చీకట్లో ఉన్నా సరిచేసుకునే అవకాశం ఆ ఎక్కువ మెట్లలోనే ఉంటుంది.

ఇక్కడ నాలోని సాఫ్ట్‌వేర్ వాడు లేస్తాడు. ఆలోచించండి, సెన్సర్ నుంచి వచ్చేది ఎప్పుడూ రా డేటానే. జేపెగ్ దానినుంచే తయారవుతుంది. అంటే జీ7లో బియ్యం ఉంది, వండాకే బయటికి పంపిస్తున్నారు. ఆ డేటాని కార్డులో రాసే ఆప్షన్ లేదు, అంతే. ఇది హార్డ్‌వేర్ లోటు కాదు, ఫర్మ్‌వేర్ నిర్ణయం. జీ7కి కొన్ని వారాల ముందే కానన్ తన ఎంట్రీ లెవెల్ ఎస్ఎల్ఆర్, ఈఓఎస్ 400డీని ప్రకటించింది. అది కూడా 10 మెగాపిక్సెల్సే. దాంతో ఓనర్లలో చాలామంది, "పెద్ద కెమెరా అమ్ముకోవడానికి చిన్నదాని చేతులు కట్టేశారు" అని అనుమానించారు.

తిట్టుకుని ఊరుకున్నారా అంటే, లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే కొంతమంది ప్రోగ్రామర్లు కానన్ కాంపాక్ట్‌ల ఫర్మ్‌వేర్‌ని విప్పి చూడటం మొదలెట్టారు. అందులోంచి పుట్టిందే సీహెచ్‌డీకే. కానన్ హ్యాక్ డెవలప్‌మెంట్ కిట్ అని పూర్తి పేరు. ఫ్రీ సాఫ్ట్‌వేర్, వాలంటీర్ల పని.

దీని డిజైన్ నాకు చాలా ఇష్టం. ఇది కెమెరాలో ఉన్న ఒరిజినల్ ఫర్మ్‌వేర్‌ని చెరపదు. ఎస్‌డీ కార్డులో ఫైల్స్ వేస్తారు. కార్డు పక్కన చిన్న లాక్ స్విచ్ ఉంటుంది చూశారా, రాయకుండా ఆపేది? కార్డుని బూటబుల్‌గా చేసి ఆ స్విచ్‌ని లాక్ చేస్తే, కెమెరా ఆన్ అవ్వగానే ముందు కార్డులో ఉన్న ప్రోగ్రామ్‌ని మెమరీలోకి ఎక్కించుకుంటుంది. లాక్ ఉన్నా సరే, ఫొటోలు సేవ్ అయ్యేలా ఆ ప్రోగ్రామే చూసుకుంటుంది. కార్డు తీసేసి ఆన్ చేస్తే కెమెరా మళ్లీ షాపులోంచి వచ్చినట్టే ఉంటుంది.

దాంతో జీ7కి రా వచ్చేసింది! బ్యాటరీ పర్సెంటేజ్, లైవ్ హిస్టోగ్రామ్, స్క్రిప్టులు కూడా వచ్చాయి. ఇంత సెకన్లకి ఒక ఫొటో తియ్యి అని ప్రోగ్రామ్ రాయొచ్చు. ఫ్రేములో కదలిక వస్తే క్లిక్ చెయ్యి అని చెప్పి మెరుపుల ఫొటోలు తీశారు. 2009లో అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు ఒక చవక కానన్ ఏ470లో సీహెచ్‌డీకే వేసి, వాతావరణ బెలూన్‌కి కట్టి, సుమారు 93,000 అడుగుల ఎత్తుకి పంపారు. కెమెరా తనంతట తానే ఫొటోలు తీసుకుంటూ పోయింది. మొత్తం ఖర్చు 150 డాలర్లు. నల్లటి ఆకాశం, కింద వంగిన భూమి, అన్నీ పడ్డాయి.

2007 ఆగస్టులో, అంటే ఏడాది కూడా తిరగకముందే, కానన్ జీ9 ప్రకటించింది. స్పెక్స్‌లో రా మళ్లీ ఉంది. మెగాపిక్సెల్స్ 12.1. ఓనర్లు ఊపిరి పీల్చుకున్నారు. కానీ రెండో గొడవకి విత్తనం అందులోనే పడింది.

2008లో జీ10. 28 మిల్లీమీటర్ల వైడ్ లెన్స్, ఎక్స్‌పోజర్‌కి విడి డయల్, మెగాపిక్సెల్స్ ఏకంగా 14.7. సెన్సర్ సైజు మాత్రం అదే, 1/1.7 అంగుళాల రకం. విస్తీర్ణం సుమారు 43 చదరపు మిల్లీమీటర్లు, మీ చిటికెన వేలి గోరు కంటే చిన్నది. అందులో కోటీ 47 లక్షల పిక్సెల్స్!

దీన్ని పొలం పంపకంలాగా చూడండి. ఎకరం పొలాన్ని పది మందికి పంచినా, పదిహేను మందికి పంచినా పొలం పెరగదు, వాటా తగ్గుతుంది. అదే వానకి ఒక్కో మడిలో పడే నీళ్లు తగ్గుతాయి. వాన బాగా పడితే ఇబ్బంది లేదు. కరువులోనే తేడా తెలుస్తుంది. కెమెరాకి కరువంటే తక్కువ వెలుతురు.

నా దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్న జీ10 ఒకటుంది. పొద్దున ఎండలో ఐఎస్ఓ 80 పెట్టి మామిడి చెట్టు తీస్తే ఆకు ఈనెలు లెక్కపెట్టొచ్చు. అదే రాత్రి పెళ్లి మండపంలో ఐఎస్ఓ 800 పెడితే పట్టుచీర మీద జరీ ఎక్కడో, నాయిస్ చుక్కలు ఎక్కడో తెలీదు. ఇంకోటి, పైన ఉండే అద్దాల వ్యూఫైండర్‌లో చూస్తే ఫ్రేములో దాదాపు ముప్పావు వంతే కనపడుతుంది, అంచున లెన్స్ గొట్టం అడ్డొస్తుంది. నేను తలలు తెగకుండా ఫొటో తీశాననుకుంటా, తీరా చూస్తే పక్కన నిలబడ్డ మామయ్య, ఆయన వెనక కుర్చీలు కూడా వచ్చేసి ఉంటాయి.

అప్పటి ఓనర్లలోనూ రెండు వర్గాలు. మైకేల్ రైక్‌మన్ అనే కెనడా ఫొటోగ్రాఫర్, ఆ రోజుల్లో ఆయన రాతలకి చాలా విలువ, 2008లో ఒక ప్రయోగం చేశాడు. జీ10తో, ఫేజ్ వన్ పీ45+ బ్యాక్ తగిలించిన హాసెల్‌బ్లాడ్‌తో ఒకే చోట ఫొటోలు తీసి, 13 బై 19 అంగుళాల ప్రింట్లు వేసి, అనుభవం ఉన్నవాళ్లకి చూపించాడు. ఏది ఏ కెమెరాదో వాళ్లు నమ్మకంగా చెప్పలేకపోయారు. ఇదంతా తక్కువ ఐఎస్ఓలో, ఆ సైజు ప్రింట్‌కే వర్తిస్తుందని గుర్తుపెట్టుకోండి. అంటే పిక్సెల్స్ పెంచినందుకు ఎండలో నిజంగానే లాభం ఉంది. రెండో వర్గం ఇంట్లో, ఫంక్షన్లో, రాత్రిపూట ఫొటోలు తీసుకునేవాళ్లు. "మాకు మెగాపిక్సెల్స్ వద్దు, శుభ్రమైన ఫొటో ఇవ్వండి" అనేది వాళ్ల గోల. అదే 2008లో పానాసోనిక్ ఎల్ఎక్స్3, 10 మెగాపిక్సెల్స్ దగ్గరే ఆగి, ఎఫ్2 లెన్స్ ఇచ్చింది. ఈ వర్గం అటు చూడటం మొదలెట్టింది.

2009 ఆగస్టులో కానన్ జీ11 తెచ్చింది. 10 మెగాపిక్సెల్స్! 14.7 నుంచి కిందికి. బాక్సు మీద నంబరు పెద్దదైతేనే అమ్ముడుపోతుందని అందరూ నమ్మే మార్కెట్లో, ఒక పెద్ద కంపెనీ నంబరు తగ్గించి కొత్త మోడల్ వదిలింది. తిరిగే స్క్రీన్ కూడా వెనక్కి వచ్చింది. దాంతోపాటే ఎస్90 అని జేబులో పట్టేది, ఎఫ్2 లెన్స్‌తో, లెన్స్ చుట్టూ తిప్పే రింగుతో వచ్చింది. 2006లో పోయిన వాటిలో మూడు, మూడేళ్లలో ఇలా తిరిగొచ్చాయి.

అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. పిక్సెల్స్ తగ్గిస్తే వాటా పెరుగుతుంది గానీ పొలం అంతే ఉంటుంది. మొత్తం ఫొటోని చిన్న సైజులో చూస్తే తేడా మరీ అంత ఉండదు, ఎందుకంటే పొలం మొత్తం మీద పడ్డ వాన ఒక్కటే. అసలు మందు పొలం పెంచడం. 2012లో కానన్ జీ1 ఎక్స్‌లో పెద్ద సెన్సర్ పెట్టింది. అదే ఏడాది సోనీ ఆర్ఎక్స్100 వచ్చి ఆటే మార్చేసింది. ఒక అంగుళం రకం సెన్సర్, సుమారు 116 చదరపు మిల్లీమీటర్లు, అంటే జీ10కి రెండున్నర రెట్ల కంటే ఎక్కువ. బరువు బ్యాటరీతో కలిపి 240 గ్రాములు.

కానీ అప్పటికే టైమ్ అయిపోయింది. 2010లో జపాన్ కెమెరా కంపెనీలు ప్రపంచవ్యాప్తంగా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు పంపాయి. 2021 నాటికి అది ఒక కోటికి కూడా తక్కువ. ఎక్కువ దెబ్బ తిన్నవి కాంపాక్ట్‌లే. ఎవరు తిన్నారో మీకు తెలుసు, ఈ వీడియో చూస్తున్నది అందులోనే.

ఇప్పుడు ఫోన్ సంగతి. పొలం చిన్నది, పిక్సెల్స్ ఎక్కువ అనే పాత సమస్య ఫోన్‌కి ఇంకా పెద్దది. అందుకే చాలా 50 మెగాపిక్సెల్ ఫోన్లు మామూలు మోడ్‌లో నాలుగు పిక్సెల్స్‌ని ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెల్ ఫొటో ఇస్తాయి. పంచిన మడులని మళ్లీ కలిపి సాగు చేసినట్టు. ఇక రా ఫైల్: ఆండ్రాయిడ్‌లో యాప్‌లకి 2014లో 5.0 వెర్షన్‌తో దారి తెరిచారు, ఐఫోన్‌లో 2016లో ఐఓఎస్ 10తో. ఆండ్రాయిడ్‌లో మాత్రం తలుపు ఎంత తెరవాలో ఫోన్ కంపెనీ ఇష్టం. సెన్సర్ ఇవ్వగలిగినా, కొన్ని మోడల్స్‌లో సాఫ్ట్‌వేర్ ఇవ్వదు. జీ7 ఓనర్ల పరిస్థితి అదే కదా!

వాళ్లకి, మనకి ఒక తేడా ఉంది. వాళ్లు కార్డు లాక్ చేసి సొంత ప్రోగ్రామ్ నడిపించుకోగలిగారు, తీసేస్తే కెమెరా యథాతథం. ఇప్పుడు ఫోన్ బూట్‌లోడర్ అన్‌లాక్ చేయాలంటే చాలా కంపెనీలు ఒప్పుకోవు, ఒప్పుకున్నా డేటా మొత్తం చెరిగిపోతుంది, కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేయడం మానేస్తాయి. దానికి సెక్యూరిటీ కారణాలు నిజంగానే ఉన్నాయి, ఫోన్‌లో మన డబ్బులుంటాయి, కెమెరాలో ఉండవు. అయినా సరే, లాక్ వల్ల మన డబ్బుకి కాపలా ఎంత, కంపెనీ అమ్మకాలకి కాపలా ఎంత అని అడిగే హక్కు కొన్నవాళ్లకి ఉంటుంది.

ఒక చిన్న పని ఇస్తా. మీ ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ ఓపెన్ చేసి, రా ఆప్షన్ ఉందో లేదో చూడండి. ఉంటే, సాయంత్రం లైటులో ఒకే ఫొటో జేపెగ్‌లో, రాలో తీసి, రెండిట్లో నీడల్ని వెలిగించి చూడండి. లేకపోతే మీ మోడల్ పేరు కామెంట్‌లో రాయండి, ఆ సెన్సర్ అసలు ఏం చేయగలదో ఇంకో ఎపిసోడ్‌లో లిస్టు వేసుకుని చూద్దాం.