వేగుచుక్క లెక్క

ఉగాదినాడు పంచాంగశ్రవణము చేయు మనకు, మధ్య అమెరికాలోని మాయా జాతివారి పంచాంగము వింతగా తోచదు. శుక్రుడు వేగుచుక్కయై పొడసూపినది మొదలు మరల అట్లు పొడసూపువరకు 584 దినములని వారు గణించిరి. ఇట్టి ఆవృత్తములు 5 గడచిన 2,920 దినములగును. అవి 365 దినముల సంవత్సరములు సరిగా 8. నేటి శాస్త్రజ్ఞుల సగటు 583.92 దినములు. ఈ స్వల్పభేదమును సైతము పసిగట్టి దిద్దుకొనిరి! దుర్భిణి లేదు, తరతరముల ఓపికయే వారి సాధనమని మా అభిప్రాయము.

ఈ లెక్క జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున భద్రపరచిన మాయా గ్రంథమున కలదు. అట్టి గ్రంథములు నేడు 4 మాత్రమే మిగిలినవి. 1562లో యూకటాన్‌లోని మానీ పట్టణమున స్పెయిన్ దేశపు మతాచార్యుడు డియేగో డి లాండా, చేజిక్కిన వారి పుస్తకములను దయ్యపు వ్రాతలని తగులబెట్టించెను. ఆ మంటలో ఎన్ని గ్రహముల లెక్కలు బూడిదయ్యెనో! విచిత్రమేమన, అతడే వ్రాసిపెట్టిన మాయా అక్షరముల పట్టిక ఆధారముగా 1952లో సోవియట్ పండితుడు యూరీ క్నోరొజొవ్ ఆ లిపిని చదువు మార్గము కనిపెట్టెను.